పత్రికా స్వేచ్ఛ కడుపు నిండినవాళ్ళ గోలేనా? రామ్మోహన్ రాయ్, రైతు శిస్తు, మధ్యలో మన మన్రో

గ్రూప్2_గోవిందా
తిరుపతిలో మా స్టడీ సర్కిల్లో నిన్న రాజా రామ్మోహన్ రాయ్ మీద మాట్లాడమన్నారు. అందరూ బ్రహ్మసమాజం 1828, సతి నిషేధం 1829 అని బిట్లు అప్పజెప్పి కూర్చున్నారు. నేను 1823లో ఆయన ప్రెస్ లైసెన్సుల మీద కోర్టుకెక్కిన సంగతి, 1831లో లండన్‌లో రైతుల గురించి పార్లమెంటు కమిటీకి జవాబులు రాసిచ్చిన సంగతి ఎత్తుకున్నాను. మా సార్ మధ్యలోనే ఆపేశారు. "ఆయనకి భూములున్నాయి, పత్రికలు నడిపేంత డబ్బుంది. పత్రికా స్వేచ్ఛ కడుపు నిండినవాళ్ళ గోల. రైతుకి కావాల్సింది ధర, పేపరు కాదు" అన్నారు. క్లాసంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

అసలు ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఆయన వేర్వేరుగా పెట్టిన రెండు అర్జీలా ఇవి, లేక ఒకే ఆలోచనా? తెలిసినవాళ్ళు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు.

బంగారుపాళ్యం_తోతాపురి
మీ సార్ చెప్పిందాంట్లో తప్పేముందబ్బా? మామిడికాయ ట్రాక్టర్లో మగ్గిపోతుంటే నాకు పేపరెందుకు. కాయ తుడుచుకోడానికా?

చిత్తూరు_బెల్లం
పేపరు లేకపోతే బజ్జీలు దేంట్లో కట్టిస్తారన్నా, అది చెప్పు ముందు.

మాజీ_విలేకరి
సంబంధం ఉంది. ముందు 1823లో ఏం జరిగిందో చూడండి.

జాన్ ఆడమ్ తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా ఉన్నది కొన్ని నెలలే. ఆ కాస్తలోనే కలకత్తా జర్నల్ ఎడిటర్ బకింగ్‌హామ్‌ని ఓడెక్కించి ఇంగ్లండుకి తరిమేశాడు. మార్చిలో ఆర్డినెన్సు తెచ్చాడు. లైసెన్సు లేకుండా పత్రిక నడపకూడదు, ఇచ్చిన లైసెన్సు ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. అప్పట్లో ఇలాంటిది అమల్లోకి రావాలంటే కలకత్తా సుప్రీంకోర్టులో నమోదవ్వాలి. రామ్మోహన్, ద్వారకానాథ్ ఠాగూర్, ప్రసన్నకుమార్ ఠాగూర్, ఇంకో ముగ్గురు కలిసి అక్కడ అడ్డుపడ్డారు. జడ్జి మెక్‌నాటన్ అర్జీ కొట్టేశాడు. ఇంగ్లండు రాజుకి అప్పీలు చేసుకున్నారు. అదీ పోయింది.

ఆ అర్జీలో వాదన ఎక్కడ మొదలైందో చూడాలి. మనిషన్నాక పొరపాటు పడతాడు. ఇంత పెద్ద రాజ్యాన్ని ఏలే మంచి పాలకుడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. కాబట్టి ఏ మూల ఏ అన్యాయం జరుగుతోందో తన చెవిన పడే మార్గం కావాలని ఆయనే కోరుకోవాలి. అడ్డంకులు లేని అచ్చు ఒక్కటే ఆ మార్గం. ఇదీ ఆయన చెప్పింది, నా మాటల్లో. "మీ కింది ఉద్యోగి చేసేది మీకెట్లా తెలుస్తుంది" అని దొరనే నిలదీశాడు. 1823లో కింది ఉద్యోగి అంటే ఎవరు? చాలావరకు శిస్తు వసూలు చేసేవాడే కదా. రైతు వచ్చేది అక్కడే.

గ్రూప్2_గోవిందా
ఇది నిన్న తెలిసుంటే! మరి లైసెన్సు తీసుకుని పత్రిక నడుపుకోవచ్చు కదా, ఎందుకు మూసేశాడు?

మాజీ_విలేకరి
మిరాత్-ఉల్-అఖ్బార్ గురించేనా? పారశీకంలో వారపత్రిక, 1822 ఏప్రిల్లో పెట్టాడు. ఆర్డినెన్సు రాగానే ఏడాది తిరక్కుండా ఆపేశాడు. ఆపుతూ కారణాలు కూడా అచ్చు వేశాడు. తెల్లవాళ్ళకైతే చీఫ్ సెక్రటరీ దగ్గరికి పోవడం సులువు, మాలాంటివాళ్ళం గుమ్మం దగ్గర కాపలావాళ్ళని బతిమాలుకోవాలి. కోర్టులో నలుగురి ముందు నిలబడి ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇంత పరువు పోగొట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నా అది ఎప్పుడు రద్దవుతుందోనని రోజూ గుండె దడ.

నేను ఇరవై ఏళ్ళ పైన జిల్లా ఎడిషన్లలో పనిచేశాను. మూడో కారణం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

లైన్_అకౌంట్
మూడోదే మా జీవితం సార్. లైసెన్సు బదులు యాడ్ టార్గెట్. అంతే తేడా.

మన్రో_గంగాళం
కలకత్తా కబుర్లు బానే ఉన్నాయి. మన రైతుకి శిస్తు తగ్గించమన్నది ఏ పత్రికా కాదు, థామస్ మన్రో. 1807లోనే దత్త మండలాల (నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన మన సీమ ప్రాంతాల) శిస్తులో నాలుగో వంతు కొట్టేయమని రాశాడు. జమీందారు అనేవాడు మధ్యలో లేకుండా రైతు పేరుమీదే పట్టా అన్నాడు. పైగా తిరుమల కొండమీద పొంగలి నైవేద్యం పెట్టే పాత్రకి మన్రో గంగాళం అని ఆయన పేరే నిలిచిపోయింది. చెప్పు గోవిందా, రామ్మోహన్ పేరున కొండమీద ఏముంది?

చిత్తూరు_బెల్లం
పొంగలి పెట్టినోడి మాటే చెల్లేట్టయితే నేను ఫోరం మొత్తానికి తలా ఒక బెల్లం దిమ్మె పంపిస్తా సామీ. రేపట్నించీ నా పోస్టులకి ఎవరూ అడ్డు చెప్పకూడదు.

మాజీ_విలేకరి
@మన్రో_గంగాళం మీరు ఆయన పేరు ఎత్తడమే మంచిదైంది. రామ్మోహన్ మిరాత్ మొదలుపెట్టిన ఆ 1822 ఏప్రిల్లోనే మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో పత్రికా స్వేచ్ఛ మీద ఒక మినిట్ (అధికారిక నోట్) రాశాడు. స్వేచ్ఛగా ఉండే పత్రికలు, పరాయివాళ్ళ పాలన, ఈ రెండూ ఒకచోట ఇమడవు, ఎక్కువకాలం కలిసి ఉండలేవు అన్నాడు. మన సిపాయిల చేతుల్లో పేపరు పడితే కొంప మునుగుతుందని ఆయన భయం. శిస్తు తగ్గించమన్న చేత్తోనే ఇదీ రాశాడు.

మన్రో_గంగాళం
నిజాయితీగా చెప్పాడు కదా. పైకి స్వేచ్ఛ అంటూ లోపల నొక్కేవాళ్ళకన్నా నయం.

పుంగనూరు_పొట్టావు
ఆ ఒక్కదాంట్లో గంగాళం గారితో ఏకీభవిస్తా. మన్రో తన రాజ్యం సంగతి దాచకుండా చెప్పాడు. పత్రికలుంటే మీకే మంచిది దొరా అని రామ్మోహనే బుజ్జగించాడు. జాన్ డిగ్బీ కింద దివానుగా చేసి, తాలూకాలు (భూముల ఎస్టేట్లు) కొనుక్కున్న మనిషి దొరతో ఇంకెలా మాట్లాడతాడులే.

పాత_డైగ్లాట్
రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

మొదట గంగాళం గారికి. మన చుట్టుపక్కల దత్త మండలాల్లో ఉన్నది కడప. అందులోవి మదనపల్లె, వాయల్పాడు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఇవన్నీ కలిపి చిత్తూరు జిల్లా చేసింది 1911లో. పైగా మన వైపు అంతా రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే పద్ధతి) ఏమీ కాదు. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీలు. 1802 రెగ్యులేషన్ ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా జమీందార్లకి శాశ్వత సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. అంటే కొన్ని మైళ్ళ తేడాలో ఒక ఊళ్ళో రైత్వారీ, పక్క ఊళ్ళో జమీందారీ. రామ్మోహన్ లండన్లో పోల్చి చెప్పిన రెండు పద్ధతులూ మన జిల్లాలో పక్కపక్కనే నడిచాయి.

ఆయనేమన్నాడు? కమిటీ రైతు పరిస్థితి ఎలా ఉందని అడిగింది. బెంగాల్ జమీందారీ కింద అయినా, మద్రాసు రైత్వారీ కింద అయినా అధ్వానంగానే ఉంది అన్నాడు. ఒకచోట జమీందారు దురాశకి చిక్కాడు, ఇంకోచోట సర్వే చేసేవాళ్ళు, రెవెన్యూ ఉద్యోగులు పీల్చుకు తింటున్నారు. నేను ఆ ఉద్యోగం చేసినవాణ్ణే, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

1793లో కార్న్‌వాలిస్ చేసిందేమిటంటే, జమీందారు కంపెనీకి కట్టాల్సిన మొత్తం ఇక పెరగదని ఖాయం చేశాడు. రైతు జమీందారుకి కట్టేది మాత్రం ఖాయం చేయలేదు. భూమి విలువ పెరిగిన లాభమంతా మధ్యవాడి ఇంటికి పోయింది. పైవాడికి ఇచ్చిన భరోసా కిందివాడికీ ఇవ్వండి, రైతు కౌలు ఇక పెంచడానికి వీల్లేదని కట్టడి చేయండి, ఇప్పుడున్నదే మోయలేనంత ఉంది కాబట్టి తగ్గించండి, అన్నాడాయన. రాబడి తగ్గితే ఎట్లా? విలాస వస్తువుల మీద పన్ను వేయండి. పెద్ద జీతాల తెల్ల కలెక్టర్ల బదులు తక్కువ జీతానికి మనవాళ్ళని పెట్టుకోండి.

మన ఎస్టేట్ రైతుకి ఇలాంటి రక్షణ కాస్త గట్టిగా దొరికింది 1908 ఎస్టేట్ ల్యాండ్ చట్టంతో. జమీందారీలు రద్దయింది 1948 చట్టంతో.

చిత్తూరు_బెల్లం
డైగ్లాట్ తాతా, "కొంచెం పెద్దగా" అంటే ఇదా. మధ్యలో లేచి కాఫీ తాగొచ్చినా.

పాత_డైగ్లాట్
జమాబందీ (ఏటా చేసే శిస్తు లెక్కల తనిఖీ) కన్నా చిన్నదే నాయనా.

పుంగనూరు_పొట్టావు
తాత గారు ఒకటి వదిలేశారు. రైతు కౌలు తగ్గించిన మేరకు జమీందారు కట్టే శిస్తులో కూడా తగ్గించాలని అడిగాడు రామ్మోహన్. అంటే రైతుకి తగ్గినా జమీందారు జేబుకి నష్టం రాకూడదు. న్యాయం పేరు చెప్పుకున్న వర్గ ప్రయోజనం ఇది.

మా ముత్తాత వాళ్ళు పుంగనూరు ఎస్టేట్ భూమే దున్నారు. "జమీందారు మంచోడు" అనే కథలు మా ఇంట్లో కూడా ఉన్నాయి, మంచితనం ఏ ఫసలీలో (శిస్తు లెక్కల ఏడాదిలో) ఎంతుందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంకా ఉంది. 1829లో కలకత్తా టౌన్ హాల్ మీటింగులో నీలిమందు తోటల దొరలని వెనకేసుకొచ్చాడు. తోటల దగ్గరి జనం మిగతావాళ్ళ కన్నా మంచి బట్ట కట్టుకుంటున్నారు, బాగా బతుకుతున్నారు అన్నాడు. ముప్పై ఏళ్ళకి అదే బెంగాల్లో నీలి రైతులు తిరగబడ్డారు. ఉప్పు కూడా అంతే. కంపెనీ గుత్తాధిపత్యం వల్ల పేదవాడు ఉప్పు కొనలేకపోతున్నాడని సాక్ష్యమిచ్చాడు, మంచిదే. పరిష్కారం మాత్రం ఇంగ్లండు ఉప్పు దిగుమతి. ఇక్కడ ఉప్పు వండేవాళ్ళు ఏమైపోవాలి? పొలం పనికి పోతారట.

గ్రూప్2_గోవిందా
అమ్మో, ఇవి మా సార్‌కి తెలిస్తే నా పని అయిపోయినట్టే.

మాజీ_విలేకరి
పొట్టావు చెప్పినవి నిజాలే, దాచిపెట్టాల్సిన పని లేదు. నీలిమందు విషయంలో ఆయన అంచనా చాలా ఘోరంగా తప్పింది. కానీ 1859, 60ల్లో నీలి రైతుల గోడు వారం వారం బయటపెట్టింది ఎవరు? హరీశ్‌చంద్ర ముఖర్జీ నడిపిన హిందూ పేట్రియట్. ఆ పత్రిక నడవగలిగింది ఎందుకంటే 1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా ఉన్న మెట్‌కాఫ్, ఆ ఆడమ్ తెచ్చిన ఆర్డినెన్సుని ఎత్తేశాడు. రామ్మోహన్ 1833 సెప్టెంబరులో బ్రిస్టల్లో పోయాడు, అది చూడలేదు. ఆయన అడిగిన స్వేచ్ఛ వల్లే ఆయన పొగిడిన తోటల గుట్టు రట్టయింది. పత్రికా స్వేచ్ఛ కోరినవాడి అభిప్రాయాలన్నీ ఒప్పుకోవాలని ఎక్కడుంది?

చిత్తూరు_బెల్లం
గోవిందా, మెట్‌కాఫ్ బిట్ రాసుకో. "భారత పత్రికల విముక్తిదాత". ప్రతి గైడులో ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో రామ్మోహన్ ఉంటాడు, ఒక్కోసారి అదీ ఉండదు.

స్వర్ణముఖి_ఒడ్డున
మగవాళ్ళందరూ భూమి గురించి మాట్లాడుతున్నారు, ఆడవాళ్ళ భూమి సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. 1822లో రామ్మోహన్ స్త్రీల పాత హక్కులు ఎలా కబ్జా అయ్యాయో చెబుతూ చిన్న పుస్తకం వేశాడు. ప్రాచీన స్మృతులు తల్లికీ కూతురికీ ఆస్తిలో వాటా ఇస్తే తర్వాతి వ్యాఖ్యాతలు దాన్ని కత్తిరించారని ఆయన వాదన. చేతిలో ఏమీ లేని విధవకి మిగిలేవి మూడే దారులు అంటాడు: ఇంకొకరి ఇంట్లో దాసీగా బతకడం, తప్పుదారి పట్టడం, లేదా చితి ఎక్కడం. సతిని ఆయన మతం ప్రశ్నగా ఒక్కటే చూడలేదు, తిండి ప్రశ్నగా కూడా చూశాడు. గైడుల్లో ఈ ముక్క ఉండదు.

మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం 1986లో వచ్చింది, దేశమంతటా 2005లో. చట్టం వచ్చాక ఏమైంది? మా ఊళ్ళో పండక్కి పిలిచి, చీర సారె పెట్టి, మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకుపోయి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. మా పెద్దమ్మ పెట్టింది, మా అమ్మ పెట్టింది. నన్నూ తీసుకుపోయారు. నేను పెట్టలేదు. ఇప్పుడు పండక్కి పిలుపు లేదు.

మాజీ_విలేకరి
అక్కా, ఇది వార్త కదా. ఎక్కడా రాదు.

స్వర్ణముఖి_ఒడ్డున
ఎలా వస్తుంది? రాయాల్సిన అబ్బాయి చెల్లెలు కూడా అదే పత్రం మీద సంతకం పెట్టుంటుంది.

లైన్_అకౌంట్
అక్కా, నాకు తగిలింది. మా చెల్లెలు ఇంకా పెట్టలేదు. ఇంటికెళ్ళి మాట్లాడతా.

కాణిపాకం_ప్రమాణం
అందరూ బెంగాల్ బెంగాల్ అంటున్నారు. తెలుగువాళ్ళ వైపు నుంచి ఏమీ లేదా? వీరేశలింగం తప్ప?

పాత_డైగ్లాట్
ఉన్నాడు, గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసులో తెలుగు వర్తకుడు. 1844లో క్రెసెంట్ అని ఇంగ్లీషు పత్రిక పెట్టాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్. మన రైతుల దగ్గర శిస్తు ఎలా రాబడుతున్నారో పార్లమెంటుకి అర్జీలు పంపాడు. డాన్బీ సేమర్ అనే ఎంపీ 1853లో వచ్చినప్పుడు దగ్గరుండి పరిస్థితులు చూపించాడు. ఆ ఎంపీ వెనక్కి పోయి కామన్స్ సభలో గొడవ చేస్తే హింసల మీద కమిషన్ వేయక తప్పలేదు. 1855లో రిపోర్టు. బాకీ పడిన రైతుని ఎండలో నిలబెట్టడం, వంగదీసి వీపు మీద రాయి పెట్టడం, వేళ్ళ మధ్య కర్రలు పెట్టి నొక్కడం, అన్నీ అందులో ఉన్నాయి. జిల్లాల్లో కలెక్టర్లుగా చేసిన దొరల్లో కొందరు ఇది మాకు తెలియనే తెలియదు అని జవాబిచ్చారు.

ఇప్పుడు 1823 అర్జీలో రామ్మోహన్ దొరని నిలదీసిన ప్రశ్న మళ్ళీ చదవండి. మద్రాసులో జవాబు కాగితం మీదికి రావడానికి ముప్పై ఏళ్ళ పైన పట్టింది.

గ్రూప్2_గోవిందా
తాతా, దండం. నాకు కావాల్సింది ఇదే. రైత్వారీ ప్రాంతంలోనే ఇది జరిగిందంటే, జమీందారు లేకపోతే చాలు రైతు బాగుపడతాడనే మాట కూడా నిలబడదన్నమాట.

మన్రో_గంగాళం
ఆగండాగండి. మన్రో 1827లోనే పత్తికొండలో కలరాతో పోయాడు. 1855 నాటి పాపం కూడా ఆయన నెత్తినేనా? ఆ కర్రలు పట్టుకున్నది ఎవరు, మన ఊరి తలారులు, మన తాలూకా బంట్రోతులు. కమిషన్ కూడా కింది ఉద్యోగులనే తప్పు పట్టింది.

మాజీ_విలేకరి
మన్రో చెడ్డవాడని ఇక్కడ ఎవరూ అనలేదు. గుర్రమెక్కి ఊరూరూ తిరిగి రైతుతో మాట్లాడిన కలెక్టరు ఆయన, నాకూ గౌరవమే. ఆయన పోయాక ఆ చెవి కూడా పోయింది. మంచి దొర ఉంటే వింటాడు, లేకపోతే లేదు. పత్రిక ఉంటే దొర మంచివాడు కాకపోయినా వినాల్సి వస్తుంది, చదవకపోతే పక్కవాడు చదివి అడుగుతాడు కాబట్టి.

మన్రో_గంగాళం
సరే, సగం ఒప్పుకుంటా. మిగతా సగం పొంగలి తిన్నాక ఆలోచిస్తా.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు ఇప్పటి పార్టీల పత్రికలు, చానెళ్ళ పేర్లతో తిట్టుకున్న పోస్టులు తీసేశాను. ఎవరు ఎవరి చానెలో అందరికీ తెలుసు, ఇక్కడ రాయక్కర్లేదు. మాట రామ్మోహన్ దగ్గర మొదలైంది, మామిడి దాకా పోయినా ఫర్వాలేదు.

బంగారుపాళ్యం_తోతాపురి
మోడరేటర్ గారే అనుమతిచ్చారు కాబట్టి మామిడికే వస్తా. మొదట్లో నేను పేపరెందుకన్నా. ఎందుకన్నానో వినండి.

2025 సీజన్లో తోతాపురి ధర పాతాళానికి పోయింది. ప్రభుత్వం కిలో 12 రూపాయలు అని చెప్పింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. పేపర్లో పెద్దక్షరాలతో 12 అని వచ్చింది. నేను లోడు తోలుకుపోయిన చోట టోకెన్ కోసం రాత్రంతా లైన్లో ఉన్నా. కాయ దించాక 8 కాదు, 5 లెక్కేశారు. మచ్చ కాయ అన్నారు, తూకంలో తరుగు తీశారు. మా ఇంట్లోవాళ్ళు హైదరాబాద్ నించి ఫోన్ చేసి "నాన్నా, 12 వస్తోందంట కదా, బాగుందే" అన్నారు. పేపరు చదివి! ఇప్పుడు చెప్పండి, ఆ పేపరు నాకు మేలు చేసిందా, కీడు చేసిందా?

చిత్తూరు_బెల్లం
ఇది మాత్రం జోకెయ్యలేనన్నా.

పుంగనూరు_పొట్టావు
నేను చెప్పేదీ ఇదే. స్వేచ్ఛ పత్రికకి ఉంది. పత్రిక యజమాని ఎవరు, దాన్ని పోషించే యాడ్ ఎవరిది అనేది రామ్మోహన్ లెక్కలో లేదు. సర్కారు ఒక్కటే గొంతు నొక్కుతుందనుకున్నాడు.

లైన్_అకౌంట్
లోపలి సంగతి చెప్తా. నేను మండల కంట్రిబ్యూటర్ని. జీతం లేదు, అచ్చయిన వార్త కొలిచి లైన్ అకౌంట్ ఇస్తారు. నెలకి పెట్రోలుకి కూడా చాలదు. పండగ సప్లిమెంటుకి, లీడర్ల పుట్టినరోజులకి యాడ్ టార్గెట్ ఉంటుంది. యాడ్ ఇచ్చేవాళ్ళెవరు? మా మండలంలో డబ్బున్నవాళ్ళు ముగ్గురు నలుగురు, అందులో ఒకాయనది పల్ప్ ఫ్యాక్టరీ. నేను ర్యాంపుల (కాయ కొనే యార్డుల) దగ్గర తిరిగి, అసలు ఎంత ఇస్తున్నారో రైతుల మాటలతో రాసి పంపాను. డెస్క్ నుంచి ఫోన్: "ఫ్యాక్టరీ వాళ్ళ వెర్షన్ తీసుకున్నావా?" తీసుకున్నా. "రైతు పేరు, ఫొటో ఉందా?" ఎవరూ పేరు ఇవ్వలేదు. వార్త ఆగిపోయింది. ఆ పక్క పేజీలోనే ఫ్యాక్టరీ వాళ్ళ శుభాకాంక్షల యాడ్ వచ్చింది, నేను తెచ్చిందే.

1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది, దాని కింద జీతాలు తేల్చే వేజ్ బోర్డులొచ్చాయి. మాలాంటి కంట్రిబ్యూటర్లం మాత్రం ఏ లిస్టులోనూ లేం. శిస్తు ఖాయం చేశారు గానీ రైతు కౌలు ఖాయం చేయలేదని తాత చెప్పాడు చూడండి. మా లెక్కా అంతే. పేపరుకి రాజ్యాంగం 19వ అధికరణం (వాక్ స్వేచ్ఛ) ఉంది, రాసేవాడికి లైన్ అకౌంట్ ఉంది.

మాజీ_విలేకరి
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ఇలాంటి వార్తలు ఆపే ఫోన్లు నాకూ వచ్చేవి. ఎవరూ "వేయొద్దు" అనరు. "ఇంకొంచెం పక్కా చేసుకుని వేద్దాం" అంటారు.

అయినా పొట్టావుకి ఒక మాట. రామ్మోహన్‌కి యజమాని సమస్య తెలియకపోవడానికి కారణం ఉంది: అప్పట్లో ఆయన పత్రికలు అమ్ముడుపోయేవే కొద్ది, యాడ్ల రాజ్యం ఇంకా రాలేదు. నువ్వు చెప్పే ఒత్తిడి ఇవాళ నిజం. అది సర్కారు ఒత్తిడికి తోడయింది, దాని స్థానంలోకి రాలేదు. 1878లో వైస్రాయి లిట్టన్ దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం తెస్తే అమృత బజార్ పత్రిక రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారిపోయింది. రైతుకి అర్థమయ్యే భాషలో ఉన్నంతకాలమే దొరకి భయం, అది గుర్తుపెట్టుకో.

కాణిపాకం_ప్రమాణం
1950లో మన మద్రాసు ప్రభుత్వమే క్రాస్ రోడ్స్ పత్రిక రాకుండా నిషేధిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది, రమేశ్ థాపర్ కేసు. చిత్తూరు అప్పటికి మద్రాసులోనే ఉంది. అంటే స్వరాజ్యం వచ్చినా ఆడమ్ దొర పోలేదు. గోవిందా, ఇది పాలిటీ పేపరుకి కూడా పనికొస్తుంది.

గ్రూప్2_గోవిందా
రాసుకున్నా అన్నా. మా సార్‌కి చెప్పబోయే మాట ఇది: ధర కాగితం మీద 12, చేతిలో 5. ఈ మధ్యలో ఏం జరిగిందో ఎవరో ఒకరు అచ్చు వేయకపోతే ఆ 12 అక్కడే ఉంటుంది, అడిగే దిక్కుండదు. రామ్మోహన్ శిస్తు గురించి, అచ్చు గురించి అడిగింది ఒకే ప్రశ్నగా నాకు కనిపిస్తోంది.

పుంగనూరు_పొట్టావు
చెప్పు, కానీ నీలిమందు కూడా చెప్పు. దాచిపెట్టి గెలవొద్దు.

బంగారుపాళ్యం_తోతాపురి
@లైన్_అకౌంట్ తూకం స్లిప్పులు నా దగ్గర ఉన్నాయి తమ్ముడూ. రేటు వేసిన కాగితం కూడా ఉంది. పేరు లేకుండా రాస్తావా? పేరు వస్తే వచ్చే సీజన్లో నా లోడు దించరు.

లైన్_అకౌంట్
పేరు లేకపోతే డెస్క్ వేయదన్నా, చెప్పాను కదా.

చిత్తూరు_బెల్లం
రామ్మోహనే 1821లో శివప్రసాద్ శర్మ అనే పేరు పెట్టుకుని పత్రిక నడిపాడు. తోతాపురి అన్నకి కూడా ఒక శర్మ పేరు తగిలించండి.

బంగారుపాళ్యం_తోతాపురి
మా ఊళ్ళో శర్మలకి మామిడితోటలు లేవు, ఇట్టే పట్టేస్తారు.

పాత_డైగ్లాట్
నవ్వులు సరే. పేరు బదులు కాగితమే మాట్లాడేట్టు చేయండి. స్లిప్పు మీద పేరు, ఊరు, బండి నంబరు కొట్టేయండి. తేదీ, తూకం, తరుగు, రేటు మాత్రం కనిపించాలి. అవి లేని ఫొటోకి విలువ ఉండదు. బ్యాంకులో సబ్సిడీ ఎంత జమైందో ఆ పేజీ కూడా జత చేయండి. మీ మండలంలో ఎన్ని టన్నులకి 4 రూపాయల చొప్పున చెల్లించారు, ఫ్యాక్టరీలు ఎంత చెల్లించినట్టు చూపించాయి అని సమాచార హక్కు కింద ఉద్యానశాఖని అడగండి. అర్జీ నేను రాసిపెడతా, ఈ చేత్తో ఎన్నో వాటికి జవాబులిచ్చాను. ఎలా అడిగితే తప్పించుకోలేరో తెలుసు.

మన్రో_గంగాళం
తాత అసలు రంగు ఇప్పుడు బయటపడింది!

పుంగనూరు_పొట్టావు
ఒక్కడి స్లిప్పు పెడితే తేదీ, తూకం చూసి మనిషిని ఏరేస్తారు. పది మందివి కలిపి పెట్టండి. మా వైపు ముగ్గురు ఉన్నారు, వాళ్ళవి నేను తెస్తా.

స్వర్ణముఖి_ఒడ్డున
తోట మా అత్తగారి పేరున ఉంది, ఆమెవి కూడా తీసుకోండి. ఆమెకి భయం లేదు, పేరు వేసినా ఫర్వాలేదు అంటోంది.

లైన్_అకౌంట్
అక్కా, ఆమె ఒక్కరు పేరుతో మాట్లాడితే డెస్క్‌కి ఇంక సాకు ఉండదు. వాళ్ళు వేయకపోతే ఇక్కడే పెట్టేద్దాం. ఎప్పుడు కలుద్దాం?

బంగారుపాళ్యం_తోతాపురి
ఆదివారం పొద్దున. ర్యాంపు దగ్గర వద్దు, అందరూ చూస్తారు. బస్టాండ్ ఎదురుగా ఉన్న టీ కొట్టుకి రండి. డైగ్లాట్ తాతకి చక్కెర లేకుండా చెప్తా.